ఐసు ఫ్యాక్టరీ గోడ మీద మంచు

పటాన్‌చెరు ఫ్యాక్టరీల గేట్ల మీద ‘పొగ త్రాగరాదు’ అని రాసుకుంటూ బతికిన ఆ కాలంలో నన్ను చిత్రకారుడు అన్నవాడు ఒక్కడూ లేడు. (‘రంగులోడు’ అన్నవాళ్లను మాత్రం ఇప్పటికీ వరసగా చెప్పగలను.) అలాంటి నన్ను ఒక ఐసు ఫ్యాక్టరీ సేటు పిలిచి, రోడ్డు వైపు గోడంతా మంచుకొండలు వెయ్యమన్నాడు. నేనెరిగిన కొండలు సంగారెడ్డి చుట్టుపక్కల రాళ్లగుట్టలే. మంచుకొండ బొమ్మ ఉన్న క్యాలెండర్ ఎదురుగా పెట్టుకుని మూడు తెల్ల త్రికోణాలు వేశాను. అక్కడి కాపలాదారు, నేపాల్ నుంచి వచ్చిన ముసలాయన, గూర్ఖా తాత అనేవాళ్లం, బీడీ పక్కన పెట్టి మరీ నవ్వాడు.

“ఏంది బిడ్డా, ఉప్పు కుప్పలా?”

“నువ్వు చూసినవా మంచుకొండ?” అన్నాను రోషంగా.

“దాని కిందనే పుట్టిన. జెర ఇటు రా.”

లోపల, అప్పుడే అచ్చులోంచి తీసిన ఐసు దిమ్మెను కిటికీ వెలుతురుకు అడ్డంగా నిలబెట్టాడు. రోజూ చూసే ఐసే. అంచుల్లో అద్దం, నడుమ తెల్లని పొగ, లోతులో ఎక్కడో సన్నని నీలం. “గిసుంటిది ఈడికెల్లి సంగారెడ్డి దాకా పరిచినట్టు ఉంటది. మట్టి, బండలు మోసుకుంట నడుస్తది, మూలుగుతది” అన్నాడు. ఐసు నడవడం! ఒళ్లు జలదరించింది. (చలికి కాదు.) తాత గొంతు తగ్గించాడు. “నా చిన్నప్పుడు మా గుడి పక్క దాంక ఉండె. పోయినేడు పోయి చూస్తే కరిగి కరిగి కొండ పైకి పోయింది. అంతా బండలే.”

“నీ చిన్నప్పటిదే వేస్త తాతా.”

త్రికోణాలు గీకేసి, వేళ్లు కొంకర్లు పోతున్నా దిమ్మెలను చూసి చూసి వేశాను. నీలం పగుళ్లు, మట్టి చారలు, గోడ అడుగు దాకా దిగిన మంచు. తాత టోపీ తీసి నిలబడ్డాడు. సేటు అదిరిపడ్డాడు.

“నా ఐసుల మట్టి ఉన్నదని గోడ మీద చాటుతున్నవా? ఎవడు కొంటడు? సున్నం కొట్టియ్యుర్రి!”

వేరేవాళ్ల చేత కొట్టించాడు. ఆయిల్ పెయింట్ మీద సున్నం నిలుస్తుందా అని నన్ను అడగలేదు, నిలవదని నేనూ చెప్పలేదు. తాత మాత్రం ఆ తెల్లగోడ చూడలేక దానికి వీపు తిప్పి కూర్చోసాగాడు. సేటును కడిగెయ్యడానికి మాటలు కూడబెట్టుకున్నాను.

మొదటి పెద్ద వానకు తాత తడుస్తూనే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. “జల్దీ రా బిడ్డా!”

సున్నం పెచ్చులు పెచ్చులుగా జారుతోంది. ముందు శిఖరం, తర్వాత నీలం పగుళ్లు, ఆ తర్వాత మట్టి చారలు. మంచు తాత కళ్లెదుటే జానెడు జానెడు కిందికి దిగుతోంది. “వస్తున్నది... వస్తున్నది” అంటున్నాడు, గుడి పక్క నిలబడ్డ పిల్లవాడిలా. గొడుగు కింద సేటూ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సేటు కోసం కూడబెట్టిన మాటలన్నీ వదిలేసి తాత పక్కకు వెళ్లాను. ఎవరి మీదా కోపం లేకుండా నేను నిలబడింది ఆ ఒక్క పూటే. వానలో తడుస్తున్న అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి, తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడంటే కొంచెం అసూయ కూడా.