ట్యాంకరు మీద రాసిన మాట

మా అక్క ఎంత పెద్ద తగువునైనా చివరికి బట్టల మీదకే తెచ్చేది. లాండ్రీ నడిపే మనిషి కదా. ఉతకడం ఆమెది, ఇస్త్రీ బావది. "మీ అక్క నోట్లో సబ్బు కుక్కినా నురగ రాదురా, మాటలే వస్తాయి" అనేవాడు బావ. ఆమె పోయాక ఆ కొట్టు వైపు వెళ్ళడానికి నాకు కాళ్ళు రావడం లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రంగుల ఫ్యాక్టరీ వదిలిన నీళ్ళు భూమిలోకి ఇంకి మా వీధి బావి పాడైంది. ముందుగా కనిపెట్టింది అక్కే. ఆరేసిన తెల్ల చొక్కా కాలరు మీద లేత నీలం తేలింది.

"నీలిమందు ఎక్కువేశావేమో" అన్నాడు బావ.

"అసలు వెయ్యలేదు."

కొన్నాళ్ళకు బిందెల్లోనూ అదే రంగు. వీధి గోలపెడితే, రోజూ మంచినీళ్ళు పంపుతామని ఫ్యాక్టరీ వాళ్ళు ఒప్పుకున్నారు. చూపించడానికి తెచ్చి నిలబెట్టిన ట్యాంకరు మీద ఇంతింత అక్షరాలతో "ఉచిత మంచినీటి సేవ" అని రాసి ఉంది.

బడిలో మీటింగు పెట్టారు. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాం. "రేపటి నుంచే పంపిస్తాం. అందరికీ సమ్మతమేనా?" అని మేనేజరు అడగ్గానే అక్క లేచింది.

"నీళ్ళు పంపండి బాబూ. ఆ 'ఉచిత' అన్న మాట మాత్రం తీసేయండి."

"మాటదేముందమ్మా?"

"మీ చొక్కాకి నేనే మరక చేశాననుకోండి. మళ్ళీ ఉతికిస్తాను. ఉతికిచ్చి, ఉచిత సేవ అని కొట్టు ముందు బోర్డు కట్టుకుంటానా?"

గదంతా గొల్లున నవ్వింది. మేనేజరు కూడా నవ్వాడు గానీ వెంటనే తల దించుకున్నాడు. "తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది. ఎవరి తప్పో ఇంకా తేలలేదు. ఆ మాట లేకుండా పంపే అధికారం నాకు లేదమ్మా." అబద్ధం ఆడుతున్నట్టు లేడు.

అప్పుడు ఎదురింటి అమ్మాయి, చంటిదాన్ని భుజాన వేసుకుని లేచింది.

"అక్కా, నీకు మాట కావాలి, నాకు నీళ్ళు కావాలి. దీనికి పాలు కలపడానికి కూడా ఎక్కడెక్కడి నుంచో మోసుకొస్తున్నా."

"ఇవాళ ఉచితమని పట్టుకుంటే, రేపు ఆపేసినా అడిగే నోరుండదు పిల్లా."

"రేపటి సంగతి రేపు. దీనికి దాహం ఇవాళ."

అక్క సబ్బుకు పగిలిన వేళ్ళు గిల్లుకుంటూ నిలబడిపోయింది. మేనేజరు చేతులెత్తమన్నాడు. "మీ అక్క చచ్చినా ఎత్తదు, చూడు" అన్నాడు బావ నా చెవిలో.

ఎత్తింది. అందరికన్నా ఆలస్యంగా. "నీళ్ళకు సరే. ఆ మాటకు మాత్రం కాదు" అంది.

ఇంటికొస్తూ నేను ఉడికిపోయాను. "ఓడిపోయావుగా?"

"ఓడిపోవడమేంట్రా? ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? నేనన్నదాంట్లోనూ లేదు. చంటిది ఆగలేదు, నేను ఆగగలను."

ట్యాంకరు వచ్చింది. అక్క కూడా వరసలో నిలబడేది. "ఉచితం తియ్యగా ఉందా అక్కా?" అని వెనక నుంచి ఎవరో ఒకరు గిల్లేవారు. "నీ నాలుక మీదా అదేగా పడేది, నువ్వే చెప్పు" అనేది.

ఎండలు ముదిరేసరికి ట్యాంకరు వేళ తప్పసాగింది. ఒకరోజు రానేలేదు. మర్నాడు ఎదురింటి అమ్మాయి నిలదీస్తే, డ్రైవరు అద్దంలో తల దువ్వుకుంటూ, "ఊరికే ఇచ్చేదానికి టైము కూడానా?" అన్నాడు.

"ఊరికేనా? మా బావి చెడగొట్టింది మీరు. ఊరికే అంటావేంటి? పిలువు మీ మేనేజర్ని!"

వరసంతా ఆమె వెనక్కి చేరింది. బావ ఇస్త్రీపెట్టె వదిలేసి బయటికొచ్చాడు. "ఏమే, ఆ పిల్లకు నీ నోరెప్పుడు పెట్టావ్?" అన్నాడు.

అక్క నవ్వలేదు. బిందె కింద పెట్టి వెళ్ళి, ఆ అమ్మాయి భుజం మీది చంటిదాన్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు మాట్లాడవే" అంది.