ఇరవై ఏడో ఇంటి కార్డు

ఎల్లస్వామి నోరు లేని మనిషి. ఆకలైనా చెప్పడు, జ్వరమొచ్చినా చెప్పడు. వరంగల్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో ఏడేళ్లుగా ఆపరేటర్ పని చేస్తున్నా, ఆయన గొంతు ఎలా ఉంటుందో తెలియని స్టూడెంట్లు చాలామందే ఉన్నారు. పొద్దున్నే చెప్పులు బయట విడిచి ఆ చల్లటి గదిలోకి అడుగుపెడితే సాయంత్రం దాకా మిషన్ల చప్పుడే వినిపించేది.

ఆయనది నర్సంపేట అవతల ఒక చిన్న ఊరు. తండ్రి సారయ్య ఒక పెద్ద రైతు దగ్గర జీతగాడిగా ఉంటూ ఉంటూనే, ఆఖరి బిడ్డ పుట్టిన కొన్నాళ్లకు కన్నుమూశాడు. తల్లి పూలమ్మ కూలి చేసి, అంతకుముందే ఎనిమిదేళ్ల కొడుకును సర్కారు హాస్టల్లో వేసింది. అక్కడి నుంచి పదో తరగతి, ఐటీఐ, టైపు పరీక్ష, ఆ తర్వాత ఈ కొలువు. తోబుట్టువుల్లో మిగిలింది చెల్లెలు మొగిలి ఒక్కతే. పోయినవాళ్లు ఓ ఐదారుగురు ఉంటారని ఎల్లస్వామి అనుకునేవాడు. వాళ్ల మాట తల్లి ఎత్తేది కాదు, ఆయన అడిగేవాడూ కాదు.

పంచ్ కార్డుల పనిలో మాత్రం ఆయనకు సాటి లేరు. కార్డంటే పోస్టుకార్డు కన్నా కాస్త పొడుగుండే అట్టముక్క. దాని మీద ఎనభై వరసలుంటాయి, ఒక్కో వరసలో ఒక అంకె. అంకెకు తగ్గ చోట చిల్లు పడుతుంది, మిషన్ ఆ చిల్లును చదువుకుంటుంది. చదవలేక మొరాయించిన కార్డును వెలుతురుకు ఎత్తిపట్టి ఎక్కడ తప్పుందో ఇట్టే చెప్పేవాడు.

ఎనభై మూడో సంవత్సరం వానాకాలంలో డాక్టర్ సావిత్రి ఆ గదికి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో పసిపిల్లల చావుల మీద సర్వే చేయించిందామె. ఒక్కో తల్లికి ఒక్కో కార్డు చొప్పున మొత్తం రెండు వేల నాలుగు వందల పదహారు కార్డులు. ఏ ఊళ్లో పుట్టిన పిల్లల్లో మూడో వంతు కన్నా ఎక్కువమంది పోయారో, ఆ ఊరికి రెండు గదుల దవాఖాన, ఊళ్లోనే కాపురముండే ఒక నర్సు వస్తారు. వచ్చే నెల మొదటి సోమవారానికల్లా లెక్క హైదరాబాదుకు చేరాలి. జాబితాలో నలభై ఒకటో నంబరు ఎల్లస్వామి ఊరిది. అక్కడ మొగిలి తొలిచూలు మనిషి, ఐదో నెల. ఊరి నుంచి దవాఖానకు పోవాలంటే ఎడ్లబండి కట్టుకుని ఆరు మైళ్లు వెళ్లాలి, నడుమ ఒక వాగు. జాబితాలో ఆ నంబరు చూసిన దగ్గర్నుంచీ ఎల్లస్వామికి కాలు నిలవలేదు. ఈ సంగతీ ఆయన ఎవరికీ చెప్పలేదు.

లెక్కలు కట్టే పెద్ద ప్రోగ్రామ్, వాళ్ల మాటలో ప్యాకేజీ, సెంటర్లో ముందునుంచే ఉంది. పిల్లల చావులు లెక్కగట్టడానికి దానికి తోడుగా వేరే ఊరి నుంచి ఒక అదనపు ప్యాకేజీ తెప్పించారు. అదీ కార్డుల మీదే, ట్రేలో ఆరువందలు. పెద్దదాన్ని ఎక్కించి, దాని వెనక దీన్ని, ఆఖరున సర్వే కార్డులను ఎక్కించాలి. ఎక్కించగానే మిషన్ టక్కున ఆగిపోయింది. ప్రింటర్ మాత్రం అర్థంకాని అంకెలు బారెడు కాగితం మీద కక్కింది. మళ్లీ ఎక్కించారు. మళ్లీ ఆగింది.

ఇన్‌చార్జి రాజేశ్వర్ రావు నవ్వాడు. “ఇది ఇల్లరికం వచ్చిన అల్లుడయ్యా ఎల్లస్వామీ. మామ ఇంట్ల ఏది తక్కువైనా అలుగుతడు. ఏం తక్కువైందో నువ్వే అర్సుకోవాలె.”

అల్లుడి అలక తీర్చే పని ఎల్లస్వామి మీద పడింది. మొదట వానగాలికి కార్డులు ఉబ్బాయేమోనని కార్డులు చదివే మిషన్‌ను శుభ్రంగా తుడిచాడు. అల్లుడి కార్డులు ఆరువందలూ కొత్తగా పంచ్ చేశాడు. ఎక్కించే వరస మార్చి చూశాడు. ఏదీ పని చేయలేదు. చివరికి సర్వే కార్డుల్లోంచి ఓ ఇరవై మాత్రం తీసి వాటితో ఎక్కించాడు. అల్లుడు కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

అంటే తప్పు ప్యాకేజీది కాదు, సర్వే కార్డుల్లోనే ఏదో ఉంది. కట్టను సగం చేశాడు. ఒక సగం కూర్చుంది, రెండో సగం ఆగింది. ఆగిన దాన్ని మళ్లీ సగం చేశాడు. స్టూడెంట్ల పనుల నడుమ రోజుకు రెండు సార్లే మిషన్ దొరికేది. ఇలా పన్నెండు సార్లు, ఆరు రోజులు. ఆరో రోజు మధ్యాహ్నానికి ఆయన చేతిలో ఒకే ఒక్క కార్డు మిగిలింది. నలభై ఒకటో ఊరు, ఇరవై ఏడో ఇల్లు. కాన్పుల గడిలో పదమూడు అని ఉంది.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఆ అదనపు ప్యాకేజీ పనిలోకి దిగకముందే కార్డులన్నీ చూసి, ఎక్కువ కాన్పులు ఎవరివో కనుక్కుని, విస్తళ్లు పరిచినట్టు అంతమందికీ చోటు పరుస్తుంది. మిగతా తల్లుల్లో పది దాటినవాళ్లు లేరు. పదమూడుకు చోటు పరవబోతే మిషన్లో ఉన్న జాగా చాలక అక్కడే కుప్పకూలుతోంది.

మూడును పదమూడని కొట్టారేమో! ఆ ఆశతో ఎల్లస్వామి సర్వే కాగితాల కట్ట విప్పాడు. ఇరవై ఏడో ఇంటి కాగితం తీశాడు. ఇంటి పెద్ద సారయ్య, లేడు. తల్లి పూలమ్మ. పుట్టినవాళ్లు పదమూడు. ఉన్నవాళ్లు ఇద్దరు. కింద వేలిముద్ర.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. పుట్టిన వరసలోనే పోయినవాళ్ల వయసులు రాసి ఉన్నాయి. మూడు రోజులు. ఎనిమిది నెలలు. పదకొండు రోజులు. నాలుగోది తాను. తర్వాత ఏడాదిన్నర, ఒక రోజు, ఆరు నెలలు... చివర పదమూడోది మొగిలి. పదకొండు మందిని మట్టిలో పెట్టి, మర్నాడు పొద్దున్నే నాట్లకు పోయిన మనిషి తన తల్లి. ముప్పై ఏళ్లొచ్చాక, ఒక అట్టముక్క చెబితే ఆ సంగతి తెలిసింది. ఆయనకు ఏడుపు వచ్చింది. ఆ గదిలో ఏడవడానికి కూడా మొహమాటపడి బయటికి పోయి ముఖం కడుక్కొచ్చాడు.

డాక్టర్ సావిత్రి వచ్చి కార్డు చూసింది. చెడ్డ మనిషేం కాదు. హైదరాబాదు గడువు ఆమె నెత్తిమీద కూర్చుని ఉంది.

“ఒక్క కార్డే కదా, తీసేయండి ఎల్లస్వామి గారూ. రెండువేల మందిలో ఒకరు లేకపోతే ఏం తేడా రాదు.”

ఆ మాట రెండువేల మందికి నిజమే. ఒక్క ఊరికి చూస్తే కాదు. ఎల్లస్వామి అప్పటికే కాగితం మీద లెక్క వేసుకున్నాడు. నలభై ఒకటో ఊళ్లో ముప్పై ఒక్కమంది తల్లులు, నూట నలభై ఎనిమిది మంది పిల్లలు, యాభై ఒక్క చావులు. మూడో వంతు దాటింది. పూలమ్మను తీసేస్తే నూట ముప్పై ఐదుమందిలో నలభై చావులు. దాటదు. దవాఖాన రాదు, నర్సు రాదు.

ఆ క్షణంలో నోరు విప్పి, “మేడం, ఆమె మా అవ్వ, ఆమెను తీస్తే మా ఊరు పోతది” అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడగలేదు. స్వంత ఊరి కోసం అడుగుతున్నాడనుకుంటారని భయం. ఇంకా పర్మనెంట్ కాని కొలువు. “సరే మేడం” అన్నాడు. ఆ రెండు మాటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె వెళ్లాక ఆ కార్డు తీసేయడానికి ఆయనకు చేయి రాలేదు. రెండు కొత్త కార్డులు తీశాడు. మొదటిదాని మీద మొదటి ఏడు కాన్పులూ, ఆరు చావులూ. రెండోదానికి ముప్పై రెండో ఇల్లని లేని నంబరు ఒకటి ఇచ్చి, దాని మీద చివరి ఆరు కాన్పులూ, ఐదు చావులూ. పిల్లల లెక్క ఒక్కటి కూడా తగ్గలేదు. పెరిగింది తల్లి మాత్రమే. కట్టలో కలిపి ఎక్కించాడు. అల్లుడు నెమ్మదిగా కూర్చున్నాడు, ప్రింటర్ సాయంత్రం దాకా కాగితాలు వదిలింది. నలభై ఒకటో ఊరి ఎదురుగా యాభై ఒకటి అన్న అంకె పడ్డప్పుడు ఎల్లస్వామి ఆ కాగితాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

రిపోర్టు పోయింది. దవాఖానలు ఇచ్చే ముందు ఎంపికైన ఊళ్లలో ఐదేసి ఇళ్లు చీటీ తీసి చూసి రావాలని నియమం. ఒక్క దొంగ కార్డు బయటపడినా ఆ ఊరి కార్డులన్నీ కొట్టివేస్తారు. ఈ నియమం ఎల్లస్వామికి తెలియదు. ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తనిఖీకి వచ్చిన సారంగపాణి చీటీ తీస్తే ముప్పై రెండో ఇల్లు వచ్చింది. ఊళ్లో ముప్పై ఒకటే ఉన్నాయి. కాగితాలన్నీ తిరగేసి, వయసులు సరిచూసుకుంటూ ఆయన పూలమ్మ గుమ్మం ముందుకు వచ్చి ఆగాడు.

దవాఖాన వాగు అవతలి ఊరికి పోయింది.

డాక్టర్ సావిత్రికి పైనుంచి చీవాట్లు పడ్డాయి. ఆమె నేరుగా మిషన్ గదికి వచ్చింది. ఎల్లస్వామి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె ఇరవై ఏడో ఇంటి కాగితం అడిగి తీసుకుని చూసింది.

“మీ అమ్మగారని ఒక్క మాట చెప్తే, ఆ ఒక్క ఊరి లెక్క నేను చేత్తో కట్టేదాన్ని కదండీ. పది నిమిషాల పని.”

ఆమె ఆయన మీద ఫిర్యాదు చేయలేదు. రాజేశ్వర్ రావు మాత్రం ఆయన్ను కార్డుల దగ్గర ఉంచలేక స్టోర్ రూమ్‌కి మార్చాడు. ఆ శనివారం ఎల్లస్వామి నర్సంపేట బస్సెక్కాడు. దిగి ఆరు మైళ్లు నడిచాడు. వాగు మోకాలు దాకా ఉంది.

పూలమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. లోపల మొగిలి చాప మీద పడుకుని ఉంది.

“మొన్న ఎవరో సారు అచ్చిండు బిడ్డా,” అంది పూలమ్మ. “ఈ ఇంట్ల ఇంకో తల్లి ఉండాలె, ఆమె ఏది అని అడిగిండు. గట్ల ఎవలు లేరు సారు, నేనొక్కదాన్నే అన్న. ఏందో రాసుకొని పోయిండు.”

ఎల్లస్వామి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఆ పని చేసింది నేనే అవ్వా. ఒక్క కార్డుల నీ లెక్క పట్టలే. నిన్ను ఇద్దరిని జేసిన. అందుకే మనూరికి దవాఖాన రాకుంట పోయింది.”

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడినా బాగుండు అనుకున్నాడు. ఆమె ఇంకో మిరపకాయ తొడిమె తుంచింది.

“ఇద్దర్నా? మరి ఆమెకు ఎవలెవల్ని ఇచ్చినవ్?”

“ఆఖరు ఆరుగుర్ని.”

పూలమ్మ చేతిలో కాయ కింద పెట్టి, చివరి నుంచి వేళ్లు మడుస్తూ వచ్చింది. మొదటి వేలు మడవగానే ఆగింది. గుమ్మంలోంచి లోపలికి చూసింది.

“మొగిలిని గూడనా?”

ఆయన తలూపాడు.

“మరి నువ్వు?”

“నేను నీ దిక్కే ఉన్న అవ్వా. నాలుగోటోన్ని గద.”

ఆమె లోపలికి వినిపించకుండా గొంతు తగ్గించింది.

“ఆ ఆరుగుర్ల బతికింది అదొక్కతే గద కొడుకా. దాన్నన్న నా దిక్కు ఉంచకపోతివి.”

ఏడో ఎనిమిదో, ఎక్కడ గీత గీసినా మిషన్‌కు ఒకటే. మొగిలిని ఇటు వేసుకున్నా సరిపోయేది. ఆ సంగతి ఎల్లస్వామికి అప్పుడే తట్టింది.

“ఈ మాట దానికి జెప్పకు,” అని పూలమ్మ లేచి, కారం చేతులు కడుక్కుని, మొగిలికి అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.