లిఫ్టులో చిక్కుకున్న అధ్యక్షుడు

శుక్రవారం ఉదయం తొమ్మిదికి గల్ఫ్‌లో మేముండే ఊరు కర్జకాన్‌లో రాజధాని మనామాకు వెళ్లే బస్సు ఎక్కాం. నేనూ, మా లేబర్ క్యాంపులో ఉండి తాపీ పని చేసే మల్లేశూ. ఒక ఫిల్మ్ క్లబ్బులో తూర్పు యూరప్ హాస్యచిత్రం ఉచితంగా వేస్తున్నారని పేపర్లో చూశాను. అమలాపురం శాఖా గ్రంథాలయంలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు బీరువా నిండా ఉండేవి. అన్నీ చదివాను. వాటిలో అందరూ సంతోషంగా ట్రాక్టర్లు నడిపేవారు. ఆ కమ్యూనిస్టు ప్రభుత్వాలు పోయాక అక్కడివాళ్లు ఆ కాలాన్ని తలుచుకుని ఎలా నవ్వుకుంటున్నారో చూడాలనిపించింది.

మల్లేశు మనసు మళ్లించుకోవడానికి వచ్చాడు. వచ్చే వారం కరీంనగర్‌లో భార్యకు ఆపరేషను. సెలవిచ్చారు గానీ తమ దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టు ఇవ్వలేదు. క్యాంపు ఇన్‌చార్జి ఆఫీసులో అడగమంటాడు, ఆఫీసువాళ్లు ఇన్‌చార్జిని అడగమంటారు. వాళ్లను దాటి, మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గరికి వెళ్లే అలవాటు మాలో ఎవరికీ లేదు.

మనామాలో దిగి, నయీమ్‌ పేటలో నరసాపురం ఆయన మెస్సులో చేపలపులుసుతో భోంచేశాం.

"సినిమాలో పాటలుంటాయాండీ?" అన్నాడాయన.

"ఉండవండీ. ఒకప్పటి కమ్యూనిస్టు దేశానిది."

"అయితే అన్నం తగ్గించి తినండి. నిద్రొచ్చేస్తుంది."

రెండింటికి సినిమా మొదలైంది. హాలుకి బోర్డు లేదు. వెళ్లేవాళ్లు బస్టాండు దగ్గర అడిగి వెళ్లడం మంచిది. కథ ఇదీ: ప్రభుత్వ క్వార్టర్లలో లిఫ్టు ఆగిపోయి ఒకాయన లోపల చిక్కుకుంటాడు. బయట కమిటీ వేస్తారు. ఎప్పుడూ హాజరులో ఉండేది ఆయనే కాబట్టి ఆయన్నే అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. మరమ్మతుకు అధ్యక్షుడి సంతకం కావాలి. అది ఐదో అంతస్తు ఆఫీసులో కూర్చుని పెడితేనే చెల్లుతుంది.

క్యాంపులో వీడియో చూసేటప్పుడు ఇంగ్లీషు వచ్చినవాడు అందరికీ పైకి చెప్పడం ఆనవాయితీ. ఇక్కడా తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలను అలాగే తెలుగులో చెబుతూ పోయాను. ముందు వరసాయన వెనక్కి తిరిగి, "భాయ్, జరా ఆహిస్తా" అన్నాడు. గొంతు తగ్గించాను.

హాలంతా నవ్వుతోంది. మల్లేశు నవ్వలేదు.

"అన్నా, ఇందరు అచ్చి పోతున్నరు. తలుపు ఎవ్వడు గుద్దడేంది?"

"భయం, మల్లేశూ. పైవాణ్ణి అడక్కుండా ఎవడూ ఏమీ చెయ్యడు."

"లోపటోడు గూడ గుద్దుతలేడు గదా."

నేను మళ్లీ కింద పడే అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాను.

నాలుగున్నరకు తిరుగు బస్సు. సనాబిస్‌లో ఆగగానే మల్లేశు లేచాడు.

"ఎక్కడికి?"

"కఫీల్ ఇంటికి. ఈడనే గదా."

"సెలవురోజు ఇంటి మీదికా? కోపమొస్తే మన దేశం పంపించేస్తాడు."

"నేనడిగేది గూడ గదే గదన్నా."

అతని వెనకే దిగాను. మల్లేశు గేటు గట్టిగా కొట్టాడు. నీళ్ల పైపు చేత్తో పట్టుకుని ముసలాయన వచ్చాడు, కఫీలే. నాకు వచ్చిన హిందీలో విషయం చెప్పాను. "నాకెవరూ చెప్పలేదే" అని లోపలికెళ్లి ఫోను చేశాడు. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక ఇన్‌చార్జి కారులో వచ్చి పాస్‌పోర్టు మల్లేశు చేతిలో పెట్టాడు. "నాకే చెప్పి ఉంటే ఎప్పుడో ఇచ్చేవాణ్ణి కదా" అన్నాడు.

చీకటి పడ్డాక కర్జకాన్ బస్సు దొరికింది. సినిమా బాగుంది, చూడదగ్గదే. నాకు మాత్రం ఆ గేటు ముందు మేం నిలబడ్డ సమయమే ఎక్కువ గుర్తు. పాస్‌పోర్టును చొక్కా లోపల పెట్టుకుని మల్లేశు కిటికీలోంచి చూస్తున్నాడు.

"పై శుక్రవారం ఇంకో సినిమా ఉందట" అన్నాను.

"నేనుండనన్నా" అన్నాడు.