‘లోపం లేదు’ అని రెండుసార్లు రాశాను

నా రిటైర్మెంటుకు ఇంకా రెండు చలికాలాలు ఉన్నాయి. కొత్తకోటలో ఒక స్వచ్ఛంద సంస్థ వాహనాల షెడ్డులో హెడ్ మెకానిక్‌గా ఉన్నాను. డిసెంబరు మొదట్లో నన్ను మానవపాడుకు పంపారు. అక్కడి పాత డీజిల్ జీపు వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే సవారమ్మ అనే రైతు మహిళను గద్వాలకు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. ఆరింటికల్లా చేరకపోతే ఆ పూట మెషిన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. అంతకుముందు వారం ఆమెకు అలా ఒక పూట తప్పింది.

జీపు డ్రైవరు తిమ్మప్ప ఫిర్యాదు ఒక్కటే. పొద్దున స్టార్టు చేయగానే ఇంజను గజగజ ఊగుతుంది, తెల్లటి పొగ కక్కుతుంది, రెండు మూడుసార్లు ఆగి బ్యాటరీని దించేస్తుంది. షెడ్డుకు రెండుసార్లు తెచ్చాడు. హైవే మీద గంటకు పైగా నడిచి వచ్చిన ఇంజను మా దగ్గర వంక పెట్టడానికి లేకుండా తిరిగేది. రెండుసార్లూ ‘లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టాను. దాంతో తిమ్మప్ప నిద్ర లేవక బండి మీద నెపం పెడుతున్నాడని తేల్చి, ఆఫీసు అతనికి మెమో ఇచ్చింది. శనివారంలోగా జవాబు ఇవ్వకపోతే ఉద్యోగం ఉండదు.

“పొద్దుగాల మొండికేస్తది సార్. మీ దగ్గరికొస్తె బుద్ధిగ ఉంటది. నన్నే అబద్ధాలోన్ని జేస్తుంది” అన్నాడు తిమ్మప్ప.

మంగళవారం రాత్రి జీపు పక్కనే ఉన్న గదిలో పడుకుని, బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. బానెట్ మంచుతో తడిసి ఉంది. సవారమ్మ అప్పటికే శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చుంది.

“ఇయ్యాల గూడ పోకుంటె ఎట్లన్నా? పండుకుంటె దమ్ము ఆడ్తలేదు, రాత్రంత కూసొనే ఉన్న” అంది.

స్టార్టు చేయించాను. తిమ్మప్ప చెప్పినట్టే ఊగింది. అది ఆగేలోపే పొగ గొట్టం మొదలయ్యే చోట, ఒక్కో సిలిండరు దగ్గర నాలుగు చుక్కల నీళ్ళు చల్లాను. మండుతున్న సిలిండరు దగ్గర నీళ్ళు చుర్రుమంటాయి. మొదటి రెండింటి దగ్గర చుర్రుమన్నాయి. మూడు, నాలుగు దగ్గర ఊరికే జారిపోయాయి. చలిలో డీజిల్ అంటుకోవాలంటే ముందు హీటర్ ప్లగ్గులు సిలిండరును వేడి చేయాలి. ఆ రెండింటికీ వేడి అందడం లేదు. ప్లగ్గు నుంచి ప్లగ్గుకు కరెంటు మోసే పట్టీ మీద చెయ్యి పెడితే, రెండో ప్లగ్గు దగ్గరి నట్టు వేలితోనే తిరిగింది. మూడు, నాలుగుకు కరెంటు అక్కడి నుంచే వెళ్ళాలి.

ఆ నట్టు బిగించాల్సింది నేనే. దసరా తర్వాత ఇంజెక్టర్లు సర్వీసు చేసినప్పుడు పట్టీ తీసింది నా చేతులే. వేలితో తిప్పి, తర్వాత స్పానరు పెడదామనుకుని వేరే బండి దగ్గరికి వెళ్ళాను. అంతే, మరిచిపోయాను.

అర నిమిషంలో బిగించాను. ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి తాళం తిప్పితే ఇంజను నిలకడగా అందుకుంది. ఎక్కబోతూ తిమ్మప్ప నా చేతులు పట్టుకున్నాడు.

“మీరు రాకుంటె నా నౌకరి పోతుండె సార్.”

“నట్టు లూజైంది” అన్నాను. ఎవరి వల్ల అన్నది చెప్పలేదు. సవారమ్మ వేళకే గద్వాల చేరిందని ఫోనొచ్చింది. అయినా నిజం రాస్తే ముప్పై ఏళ్ళ పేరు పోతుందేమోనని భయం. గురువారం రిపోర్టు రాసి చించేశాను. శుక్రవారం పెన్నే పట్టలేదు. శనివారం ఉదయం, తప్పు నాదేనని రాసి ఆఫీసులో ఇచ్చాను. మెమో రద్దయింది, నాకు హెచ్చరిక కాగితం వచ్చింది.

సంగతి తెలిసి సాయంత్రం తిమ్మప్ప ఫోన్ చేశాడు. కోప్పడలేదు, అరవలేదు.

“ఆ పొద్దే జెప్తె ఏమైతుండె సార్? బండి బాగైంది గని, మీ రిపోర్టు రాక, మెమోకు ఏం జవాబు రాయాల్నో తెల్వక మూడు దినాలు మా ఇంట్ల ఎవ్వరం సక్కగ తిన్లే.”

చలిలో వచ్చే లోపాన్ని చలిలోనే చూడాలని ఆ తర్వాత షెడ్డులో నియమం పెట్టాను. అలాంటి ఫిర్యాదుతో వచ్చిన బండి ఒక రాత్రి మా దగ్గర నిలిచాకే దాని మీద చెయ్యి వేస్తున్నాం. తప్పు తనదని తెలిస్తే ఆ పూటే రాయాలి. రాయని ప్రతి పూటా దాని బరువు ఇంకొకడి ఇంటి మీద ఉంటుంది.