పది అడుగులు ఇవతల

2009 వానాకాలంలో భద్రాచలం దగ్గరి అడవి ఊళ్లలో పట్టాల కోసం పోడు భూములు కొలిచే పనిలో ఉన్నాను. జీపీఎస్ యంత్రం పట్టుకుని హద్దు మీద నిలబడితే, ఉపగ్రహాల్లోని గడియారాలను బట్టి అది ఆ చోటు లెక్కగడుతుందని, ఆ చేను సాగుచేసుకునే సోమయ్య తాతకు చెప్పాను.

"గంత పైనున్న గడియారాలకు కీ ఎవలిస్తరు సారూ?" అని నవ్వాడు.

"కింది నుంచే రోజూ సరిచేస్తరు తాతా."

"అయితే మంచిదే. మా అయ్య రాయి గా ఇప్పచెట్ల కింద ఉన్నది. మా చేనుల కలిపి రాయుండ్రి."

చనిపోయినవారి కోసం ఆ ఊళ్లవాళ్లు నిలిపే రాయి అది. చెట్ల గుబురులో సిగ్నల్ అందలేదు. కాసేపు ఆగితే అందేదేమో. వాన వస్తోందని పది అడుగులు ఇవతలికి జరిగి, ఆకాశం కనబడే చోట హద్దు నమోదు చేశాను. రాయి హద్దుకు అవతల ఉండిపోయింది. తర్వాత సరిచేద్దామనుకున్నాను. చేయలేదు.

ఏడాదికి మళ్లీ వెళ్తే ఆ హద్దు వెంట అటవీ శాఖవాళ్లు కందకం తవ్వించారు. రాయి మట్టిలో పడి ఉంది.

"కాయితంల లేదన్నరు సారూ" అన్నాడు తాత.

ఆ గడియారాలను నేటికీ రోజూ సరిచేస్తున్నారు. నా పది అడుగులు అలాగే ఉన్నాయి. తాత పోయాడని ఆ మధ్య తెలిసింది. ఆయన కోసం రాయి ఎక్కడ నిలిపారో అడగలేకపోయాను.