మతిమరుపు మాస్టారి గొడుగు

మా ఊరి బడిలో లెక్కల మాస్టారికి ఉన్న జబ్బు ఒకటే: మరుపు. క్లాసుకి వచ్చాక సుద్దముక్క లేదని గుర్తొస్తుంది. సుద్ద వస్తే డస్టరు, డస్టరు వస్తే కళ్ళజోడు. ఇవన్నీ ఉండేది మూడో అంతస్తులో, స్టాఫ్ రూములో. ఆయన పాఠం చెప్పే పదో తరగతేమో కింది అంతస్తులో. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్ళ గురించి విన్నాం గాని, ఊళ్ళో పిల్లలందరి చేతా మేడంతా వెతికించే మనిషి ఈయనొక్కరే. ఒకసారి స్కేలు కోసం ఒకణ్ణి పంపి, వాడు ఎందుకు వెళ్ళాడో మర్చిపోయి, వాణ్ణి అడిగి రమ్మని ఇంకొకణ్ణి పంపారు.

ఆ బడి కమిటీకి పెద్దను నేనే. చదివింది పల్లెటూరి బడిలోనే అయినా ఈ మేడకు పునాదిరాయి నా చేతులమీదుగానే పడింది. చిన్నప్పుడు పరుగుపందెంలో కప్పు కొట్టాను. వరదలో ఏరు ఈదాను. ఇప్పుడంటే కుర్చీ నన్ను వదలడం లేదు గాని, అవి కప్పు కొట్టిన కాళ్ళు.

పరీక్షలు దగ్గరపడుతుంటే కమిటీవాళ్ళు, మతిలేనివాడు లెక్కలేం చెబుతాడు, ఇంటికి పంపేద్దామన్నారు. మాస్టారు నాకు పాత స్నేహితుడు. నిజంగానే మతి జారిపోతోందేమోనని నా గుండెల్లో రాయి పడింది. ముందు నేను చూసొస్తానని వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

మా మనవరాలిదీ అదే తరగతి. బొద్దు పిల్ల. ఆటల పీరియడ్ అంటే చాలు, దానికి కడుపునొప్పి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా దాని దగ్గరికే నడిచి రావాలి. అలాంటిదాన్ని మాస్టారు సుద్దకి పంపారు. అది వచ్చి కూర్చోగానే డస్టరుకి పంపారు. మూడోసారి కళ్ళజోడుకి పంపేసరికి నాకు ఒళ్ళు మండింది.

గంట కొట్టి పిల్లలు బయటికి వెళ్ళాక, ఆయన బల్ల సొరుగు లాగాను. సొరుగు నిండా సుద్దముక్కలు, రెండు డస్టర్లు, ఒక కళ్ళజోడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాను.

దొరికిన దొంగలా నిలబడ్డారు.

"ఆటల్లో పరిగెత్తమంటే మీ మనవరాలిని చూసి మిగతావాళ్ళు నవ్వుతున్నారండీ. అందుకే అలా కూర్చుండిపోతోంది. పనిమీద వెళ్ళేవాళ్ళను చూసి ఎవరూ నవ్వరు కదా."

నా గుండెల్లోంచి ఆ రాయి దిగిపోయింది. ఆ సాయంత్రం ఉండబట్టలేక మనవరాలి దగ్గర సొరుగు మాటెత్తాను.

"అది మాకెప్పుడో తెలుసు తాతయ్యా. ఆయనతో అనకు, మళ్ళీ మర్చిపోవడం మానేస్తారు," అంది. అని, గ్లాసు తీసుకుని తానే లేచి నీళ్ళకి వెళ్ళింది. ఈ మధ్య ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి కూడా రావడం లేదట.

మాస్టారి జ్ఞాపకశక్తికి పూచీ నాదని కమిటీలో గట్టిగా చెప్పాను. ఆ మాట విని ఆయన దణ్ణం పెట్టడానికి బడిలో కిందున్న నా గదికి వచ్చారు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి తల గోక్కున్నారు.

"గొడుగు పైన మర్చిపోయానండీ. మోకాళ్ళు లాగుతున్నాయి. తమరివి కప్పు కొట్టిన కాళ్ళు కదా..."

పౌరుషానికి లేచాను. మెట్టుమెట్టుకీ ఆగుతూ మూడో అంతస్తు ఎక్కి, స్టాఫ్ రూమంతా వెతికాను. గొడుగు లేదు. ఆయాసపడుతూ కిటికీలోంచి కిందికి చూస్తే, మాస్టారు గేటు దాటి వెళ్ళిపోతున్నారు. గొడుగు ఆయన చంకలోనే ఉంది.