కిటికీ కింద నిలిపిన బండి

శాంతిప్రియకు ముక్కు మీదే కోపం. ఆ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లల్లో చాలామంది ఆమె ముఖం ఎరగరు, గొంతు మాత్రం బాగా ఎరుగుదురు. తమిళనాడులో కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ నడుమ, పెద్ద రోడ్డు పక్కనే ఆ ప్రాంగణం. ఆపద వస్తే పిల్లలు నొక్కే నంబరు అక్కడ మెయిన్ గేటు మీదున్న గదిలో మోగుతుంది. ఆ గదిలో పగటి షిఫ్టుకు ఆమే పెద్ద. ఎవరైనా ఫోనులో ఏడుపు మొదలుపెడితే, ఏడుపు తరవాత, ముందు ఏ బ్లాకో చెప్పమని కసురుతుంది. ఆ కసురుకి సగంమంది ఏడుపు ఆపి సంగతి చెప్పేస్తారు.

అంబులెన్సు గేటు దాటేలోపు ఆమె డ్రైవరుకు ఒక్క మాట చెప్పాలి: ఆసుపత్రి కోవిల్‌పట్టిదా, విరుదునగర్‌దా. రోడ్డు మధ్యలో గోడ ఉంది. ఒక పక్కకు తిరిగాక మనసు మార్చుకుంటే వెనక్కి మళ్ళడానికి ఎంతో దూరం పోవాలి. ఆ ఒక్క మాటకే తనకు జీతమిస్తున్నారని ఇంట్లో నవ్వుతూ చెప్పేది. ఇంట్లో అంటే తెలుగులో. గడప దాటితే అంతా తమిళమే.

ఆమెకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రికి కారియాపట్టి దగ్గర నల్లరేగడి చేను, వాన పడితే పంట, లేకపోతే లేదు. పిల్లను చిన్నమ్మ మారియమ్మాళ్ ఏళాయిరంపన్నైకి తెచ్చుకుని పెంచింది. చిన్నమ్మది టపాకాయల షెడ్డులో పని. వేళ్ళకు పట్టిన వెండిరంగు మందు ఎంత సబ్బు రుద్దినా వదిలేది కాదు. ఆ వేళ్ళతోనే శాంతిప్రియకు జడలు వేసి బడికి పంపింది. సొంత కొడుకు మహేంద్రన్ పదో తరగతితో చదువు మానేసినా ఏమీ అనలేదు గానీ, ఈ పిల్ల మానేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

ప్రాంగణానికి రెండు అంబులెన్సులు. శాంతిప్రియ ఇంకా ఫోన్లు ఎత్తే ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకరోజు ఆ రెండూ లేవు. ఒకటి ఎవరో అతిథిని తీసుకురావడానికి విరుదునగర్ స్టేషన్‌కు వెళ్ళింది, రెండోది ఒక అధికారి గారి బంధువుల ఇంటికి. అప్పుడే హాస్టల్ మెట్ల మీద ఒక పిల్లకు ఆయాసం ముంచుకొచ్చింది. పక్కనున్న స్నేహితురాలు ఫోను ఆ పిల్ల నోటి దగ్గరే పెట్టింది. ఆ ఊపిరి ఆగిపోయేదాకా శాంతిప్రియ విన్నది.

షిఫ్టు పెద్ద అయ్యాక ఆమె పెద్దలందరితో పోట్లాడి ఒక పద్ధతి పెట్టించింది. ఒక బండి ఎప్పుడూ లోపలే ఉండాలి. ప్రాంగణంలో ప్రాణం మీదికి వస్తే తప్ప అది గేటు దాటకూడదు. పైగా అది ఉందని బయటివాళ్ళకు చెప్పనే కూడదు. చెబితే బతిమాలతారు, పెద్దపెద్ద పేర్లు చెబుతారు, గేటు దగ్గరికే వచ్చి కూర్చుంటారు. కాబట్టి మొదటి బండి బయటికి వెళ్ళిందంటే, ఎవరడిగినా బండి లేదు అనాలి. రిజిస్ట్రార్ గారి మామకు గుండెనొప్పి వచ్చిననాడు కూడా ఆమె ఆ మాటే చెప్పింది. ఆయన చాలా కాలం ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. తిప్పుకోనీ అనుకుంది.

ఆరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ అద్దాలు గడగడలాడాయి. టపాకాయల షెడ్లున్న ఆ చుట్టుపక్కల అలాంటప్పుడు ఏమిటని ఎవరూ అడగరు, ఎక్కడని మాత్రమే అడుగుతారు. గదిలో ఉన్నవాళ్ళంతా ఎవరి సొంత ఫోను వాళ్ళు తీశారు. ఇంతలో జిల్లా కంట్రోల్ రూము నుంచి కబురు: ఏళాయిరంపన్నై వైపు, ఉన్న బండ్లన్నీ పంపండి. శాంతిప్రియ డ్రైవరు ఇసక్కిపాండిని మొదటి బండితో పంపేసి చిన్నమ్మకు ఫోను చేసింది. మోగుతూనే ఉంది, ఎత్తలేదు. షెడ్డులోకి ఫోను తీసుకుపోనివ్వరు, బయట సంచీలో పెట్టాలి. ఎత్తలేదంటే దానికి అర్థమేమిటో చెప్పలేం. మళ్ళీ చేసింది. మళ్ళీ మళ్ళీ చేసింది.

అప్పుడు మహేంద్రన్ ఫోను వచ్చింది.

"అక్కా, అమ్మకి వొళ్ళంతా కాలిపోయిండాది. ఊపిరుండాది. మీ కాలేజీ బండి ఒకటి సీక్రంగా పంపించక్కా. ఇక్కడొచ్చిన బండ్లన్నీ నిండిపోయినాయి."

"బండి లేదురా" అన్నది శాంతిప్రియ.

అలవాటైన నోరు. ఏమన్నదో తనకు తెలిసేసరికి అవతల మహేంద్రన్ సరేక్కా అని పెట్టేశాడు. పక్క సీట్లో కూర్చున్న యువరాణి చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ పిల్ల గొంతు తగ్గించి తమిళంలో చెప్పింది: పంపేయండి మేడం, మేము చూసుకుంటాం, ఎవరమూ నోరు మెదపం.

శాంతిప్రియ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద రేకుల నీడలో రెండో బండి ఉంది. డ్రైవరు గోపాలకృష్ణన్ ఇంజను ఆన్ చేసి, తల పైకెత్తి ఆమెనే చూస్తున్నాడు. అతనికీ కబురు అందినట్టుంది. ఆమె చెయ్యి ఊపితే చాలు, వెళ్ళిపోతాడు. ఆమె చెయ్యి కిటికీ ఊచను పట్టుకునే ఉంది. ఇప్పుడు ఊపితే, రేపు రిజిస్ట్రార్ ముఖం చూడగలదేమో గానీ, ఆ ఆయాసం పిల్ల ఊపిరిని ఇంకెప్పుడూ తప్పించుకోలేదు. అలాగని ఊపకపోతే? చిన్నమ్మను కాదని ఈ ఉద్యోగం ఎవరికోసం చేస్తున్నట్టు? ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. కాసేపు చూసి గోపాలకృష్ణన్ ఇంజను ఆపేశాడు.

ఆ తరవాత సాయంత్రం దాకా ఆమె ఫోను ముందు కూర్చుని ఒకటే కోరుకుంది. ఆ కోరిక ఎంత పాపిష్టిదో ఆమెకు తెలుసు. ఎవరో ఒకరికి ఏదో ఒకటి కావాలి. ఒక పిల్లాడు మైదానంలో కుప్పకూలాలి, ల్యాబులో ఎవరి చెయ్యో కాలాలి, ఆ బండి అక్కడ ఉన్నందుకు ఒక్క ప్రాణమైనా దక్కాలి. ఒకసారి ఫోను మోగితే లేచి నిలబడింది. మగపిల్లల హాస్టల్ మూడో అంతస్తులో నీళ్ళు రావడం లేదట. ఆమె ఆ పిల్లాణ్ణి కసరలేదు. ఏ గది అని మెల్లగా అడిగి రాసుకుంది. అది చూసి యువరాణి ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

షిఫ్టు దిగేదాకా ఇంకేమీ జరగలేదు. తరవాతి షిఫ్టు పెద్ద వచ్చి విశేషాలేమిటని అడిగితే ఏమీ లేవని చెప్పి, కోవిల్‌పట్టి ఆసుపత్రికి బస్సెక్కింది. చిన్నమ్మ అప్పటికే పోయిందని దారిలోనే తెలిసింది.

మహేంద్రన్ తల్లిని టపాకాయల అట్టపెట్టెలు మోసే మినీ లారీలో తెచ్చాడు. ఎండలో, ఆ అట్టల మీదే పడుకోబెట్టి. కోవిల్‌పట్టి పొలిమేరలో ప్రాణం పోయింది. దారిలో ఆక్సిజన్ పెట్టి ఉంటే బతికేదా అని శాంతిప్రియ డాక్టరును అడగలేదు. జవాబు చెబుతాడేమోనని భయం. వరండాలో బంధువులు ఆమెను పట్టుకుని ఏడ్చారు. పాపం పిల్ల ఏం చేస్తుంది, బండే లేదంట, మహేంద్రన్ చెప్పినాడు అంటూ మేనత్త వీరమ్మాళ్ ఆమె తల నిమిరింది. శాంతిప్రియ ఆ చెయ్యి మెల్లగా తీసేసింది. చివరికి లేచి, మహేంద్రన్‌ను వరండా చివరికి తీసుకుపోయింది.

"బండి ఉన్నిందిరా" అన్నది.

"ఏ బండి?"

"నువ్వు అడిగినప్పుడు. నా కిటికీ కిందనే ఉన్నింది. ఖాళీగా. మా పిల్లోళ్ళకి కావాలని నేనే ఆపినాను."

మహేంద్రన్ చేతులకింకా మసి ఉంది. వాటిని చొక్కాకు తుడుచుకున్నాడు.

"మళ్ళా ఎవురికన్నా పనికొచ్చిందా?"

"లేదు."

అతను గోడకు ఆనుకున్నాడు. తిడతాడనుకుంది, కొట్టినా బాగుండుననుకుంది. అతను రెండూ చేయలేదు.

"ఇంట్లో ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. ఆమె తల ఊపింది. "నాకూ చెప్పకుండా ఉండాల్సింది అక్కా. బండి లేదనుకొని నేను ఎట్లో ఉండేవాణ్ణి."

అని లోపలికి వెళ్ళిపోయాడు. శాంతిప్రియ అక్కడే ఉండిపోయింది. లోపల వీరమ్మాళ్ అతణ్ణి ఏదో అడిగింది, అక్క ఏమంటున్నదనే అయ్యుంటుంది. మహేంద్రన్ చెబుతున్న జవాబు వరండా చివరిదాకా వినిపించింది.

"ఏమీ లేదత్తా, ఏడస్తా ఉండాది. బండి లేకపోతే అక్క మాత్రం ఏమి చేస్తుంది."